సూది కాయకము

ఫ్లారెన్సు నగరమున బార్జెల్లో సంగ్రహాలయములోని పాత కుర్చీలపై జ్వాలల వంటి కుట్టుపని కలదు. ఆ పేరిటి బొంతలను నేడు స్నేహితురాండ్రు కూడి కుట్టుచున్నారు. రంగుల గుడ్డపట్టీలను వరుసగా కుట్టి, ఒకతె అడ్డముగా కోయగా, వేరొకతె ప్రతి ముక్కను కొంచెము పైకో క్రిందికో జరిపి కలుపును. అప్పుడే అల పుట్టును. ఏ ముక్కయు జరుగనిచో చారలే మిగులును.

మన కుటుంబములు, మఠములు చీలుట ఎవరును కొంచెమైనను జరుగనందుననే కదా! 12వ శతాబ్దమున మంత్రియైన బసవేశ్వరుడు, సూదిపనియే కాయకముగాగల రామితందె ఒకే శరణ సమూహమువారు. అచట తన చోటు వీడి జరిగినవాడు మంత్రియే. అలిగిన సోదరుని గడప నేడే త్రొక్కుడు. ముందుగా జరిగినవాడే పెద్ద.