తనను తాను ఉద్ధరించుకోవడం అంటే ఒంటరిగానా?



మనిషి తనను తానే పైకి లేపుకోవాలని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్తాడు కదా. వింటే చాలా ధైర్యం వచ్చే మాట. కానీ ఒకడు తాగుడు మానేస్తున్నాడు, ఏళ్ళుగా వేసుకుంటున్న యాంగ్జైటీ టాబ్లెట్లు కూడా తగ్గించుకుంటున్నాడు అనుకోండి. రాత్రి రెండు దాటినా నిద్ర లేదు. గుండె దడ, చేతుల్లో వణుకు. అదే దారిలో నడిచిన ఇంకొకరికి ఆ టైమ్‌లో ఫోన్ చేస్తే, సంకల్పబలం చాలనట్టేనా? మనలో చాలామంది అవుననే అనుకుంటాం. ముఖ్యంగా ఉద్యోగం కోసం సిటీకొచ్చి పీజీల్లో, ఫ్లాట్లలో ఉండేవాళ్ళం. అందుకే ఎవరికీ చెప్పం. ఇవాళ ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒంటి సంగతి. ఆల్ప్రజోలం, క్లోనజెపాం, లోరజెపాం లాంటి టాబ్లెట్లు, మద్యం రెండూ మెదడులో గాబా అనే వ్యవస్థ మీద పనిచేస్తాయి. గాబా అంటే బ్రేక్ అనుకోండి. ఇవి ఆ బ్రేక్‌ని ఇంకాస్త నొక్కుతాయి. రోజూ అలా నొక్కుతూ ఉంటే మెదడు దానికి తగ్గట్టు యాక్సిలరేటర్ పెంచుకుంటుంది. ఒక్కసారిగా బ్రేక్ తీసేస్తే ఏమవుతుంది? చెమటలు, వణుకు, నిద్రలేమి. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. బాగా తాగేవాళ్ళు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ భయం ఎక్కువ. మతి తప్పే స్థితి సాధారణంగా రెండో రోజు తర్వాత మొదలవుతుంది. ప్రొడక్షన్ సర్వర్‌నే మనం ప్లగ్ పీకి ఆపం. మెదడుని ఎలా ఆపుతాం?

ఇది మనకి దూరం విషయమేం కాదు. తెలంగాణలో చాలాచోట్ల కల్తీ కల్లులో కలిపేది ఈ ఆల్ప్రజోలం, డయాజెపాంలనే. అంటే ఒకే గ్లాసులో రెండు వ్యసనాలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడినప్పుడు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం వరస కట్టారు. వాళ్ళకి సంకల్పం లేక అలా అయిందా? కాదు. ఒళ్ళు తన లెక్క తను అడిగింది.

కాబట్టి ఈ దారిలో మొదటి మనిషి డాక్టరే. ఇంగ్లండ్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరుగారు 1982 నుంచి పన్నెండేళ్ళు న్యూకాజిల్‌లో ఈ టాబ్లెట్లు మానేవాళ్ళ కోసమే క్లినిక్ నడిపారు. డోస్‌ని కొద్దికొద్దిగా, ఆ మనిషి తట్టుకోగలిగిన వేగంలో, నెలల తరబడి తగ్గించడమే ఆవిడ పద్ధతి.

మరి ఆ నెలల తరబడి రాత్రుళ్ళు ఎవరితో గడపాలి? డాక్టరుగారు రెండు వారాలకోసారి పది నిమిషాలు కనిపిస్తారు. మిగతా సమయం?

గీత మొదలైన తీరు చూడండి. అంతటి అర్జునుడికి ఒళ్ళు వణికింది, చేతిలో విల్లు నిలవలేదు. ఆ సంగతి దాచుకోకుండా పక్కనున్న స్నేహితుడికి చెప్పేశాడు. ఆ చెప్పడంతోనే మిగతా గీత అంతా నడిచింది. తనను తాను లేపుకోవాలన్న బోధ కూడా ఒంటరివాడికి కాదు, పక్కన సారథి ఉన్నవాడికి అందింది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. కృష్ణుడు తోటి బాధితుడు కాదు, గురువు. మనం అడుగుతున్నది మనలాగే వణికిన మనిషి గురించి. అలాంటివాడి తోడు మన సంప్రదాయంలో ఉందా?

ఉంది. అయ్యప్ప మాల. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళు మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండటం మన వీధుల్లో ప్రతి కార్తీకంలో చూస్తాం. అంతా నియమబలం అంటాం. నిజమే, కానీ సగమే. ఆ నియమం చుట్టూ ఏముందో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానానికి లేపే ఇంకో స్వామి. కలిసి భిక్ష, సాయంత్రం కలిసి భజన. ఎన్నోసార్లు కొండకెళ్ళొచ్చిన గురుస్వామి, ఆయన పక్కన మొదటిసారి మాల వేసిన కన్నెస్వామి. మేనేజరైనా ఆటో డ్రైవరైనా పిలుపు ఒక్కటే: స్వామీ. మాల తీసిన వారానికే కొందరు మళ్ళీ ఎందుకు మొదలుపెడతారు? భక్తి ఆవిరైపోయి కాదు. ఆ పొద్దున లేపే మనిషి, ఆ పిలుపు, ఆ సాయంత్రాలు ఒక్కరోజులో పోతాయి కాబట్టి అని నాకనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రోజూ గట్టిగా తాగేవాళ్ళు మాల వేసేముందు డాక్టర్‌ని కలవాలి. పైన చెప్పిన ఫిట్స్‌కి దీక్షా, మామూలు రోజా అన్న తేడా ఉండదు.

ఇక అసలు అడ్డుగోడ. "నా గోల ఇంకొకరికెందుకు? వాళ్ళ కష్టాలు వాళ్ళకున్నాయి." ఇది సంస్కారంలా కనిపిస్తుంది. కానీ ఇందులో ఒక పొరపాటు లెక్క ఉంది: అడిగేవాడు తీసుకుంటాడు, వినేవాడు పోగొట్టుకుంటాడు అని.

1935 మే నెల. అమెరికాలోని అక్రాన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే ఆయన హోటల్ లాబీలో నిలబడి ఉన్నాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. వచ్చిన వ్యాపారం పని చెడింది. పక్కనే బార్. ఆయన బార్‌లోకి వెళ్ళకుండా ఫోన్ అందుకుని, ఈ ఊళ్ళో తాగుడుతో బాధపడేవాళ్ళెవరైనా ఉన్నారా అని చర్చిలవాళ్ళని అడిగాడు. అలా బాబ్ స్మిత్ అనే సర్జన్‌ని కలిశాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. బాబ్ చివరిసారి తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. గమనించండి, బిల్ వెళ్ళింది దానం చేయడానికి కాదు, తను తాగకుండా ఉండటానికి. మరి ఆ రోజు ఎవరు ఎవరికి సాయం చేసినట్టు?

మనవాళ్ళు ఋషిఋణం అంటారు. నేర్పినవారికే తిరిగిచ్చి ఆ అప్పు తీర్చలేం. నేర్చుకుని, తర్వాతివాడికి అందిస్తేనే తీరుతుంది. ఇదీ అంతే. రాత్రి రెండింటికి మీరు ఫోన్ చేస్తే, అవతలి మనిషికి తన అప్పు తీర్చుకునే వీలు ఇస్తున్నారు. రేపు మీ వంతు వస్తుంది.

ఈ తోడుకి ధర్మం ఉంది, హద్దులూ ఉన్నాయి. తోటివాడు డోస్ చెప్పకూడదు. "నేను వారంలో మానేశా, నువ్వూ మానెయ్" అనేది ధైర్యం చెప్పడం కాదు, ప్రమాదంలోకి నెట్టడం. తన స్ట్రిప్‌లోంచి టాబ్లెట్ ఇవ్వకూడదు. డాక్టర్ రాసిన మందు వేసుకునేవాణ్ణి తక్కువగా చూడకూడదు. విన్నది గడప దాటకూడదు. తోడు ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు ఉంటే మంచిది, ఎందుకంటే వాళ్ళూ జారిపోయే మనుషులే. వాళ్ళు జారితే మీరూ జారాలని లేదు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి లేనివి కనిపిస్తున్నా అది కబుర్ల టైమ్ కాదు, 108కి ఫోన్ చేసే టైమ్.

మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు. వ్యసనాల నుంచి బయటపడటానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మన నగరాల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు జరుగుతాయి. ఫీజు ఉండదు, ఇంటిపేరు అడగరు.

తనను తాను లేపుకోవడమంటే ఎవరి చెయ్యీ పట్టుకోకపోవడం అని నేననుకోను. చెయ్యి చాచాలన్న నిర్ణయం మనకోసం ఇంకెవరూ తీసుకోలేరు. లేవడం అక్కడే మొదలవుతుంది. ఇది చదువుతూ మీకెవరైనా గుర్తొస్తే, సలహాలేమీ ఇవ్వకండి. "ఎలా ఉన్నావ్ రా, నిద్ర పడుతోందా?" అని ఈ రాత్రే ఒక్కసారి అడగండి.