ఔషధదానము ఎచ్చట మొదలగును?

శ్రావకునకు చెప్పబడిన దానములు నాలుగు: ఆహారదానము, ఔషధదానము, అభయదానము, శాస్త్రదానము. వీనిలో ఔషధదానమున జైన వ్యాపారస్థులు వెనుకబడినవారు కారు. పేటలో దుకాణము పెట్టి నిలదొక్కుకొన్న కుటుంబము కొంతకాలమునకు ధర్మవైద్యశాలకు చందా వ్రాయుట, ఆసుపత్రిలో ఒక మంచమునకు ఖర్చు భరించుట, పర్వదినములలో రోగులకు పాలు, పండ్లు పంచుట వాడుకగా వచ్చుచున్నది. ఇది మెచ్చదగినదే. కాని ఈ దానము రోగము వచ్చిన పిదప మొదలై, మందు చేతికిచ్చుటతో ముగియుచున్నది. ఆ రోగము ఎట్లు వచ్చినది, మందు పుచ్చుకొన్న మనిషి ఇంటికి పోయి ఏమి తిని బ్రదుకును అను ప్రశ్నలు చందా పుస్తకములో కనబడవు.

ఈ ప్రశ్నలు లేవదీసినచో కొందరు పెద్దలు వెంటనే ఒక సమాధానము చెప్పుదురు. రోగము అసాతా వేదనీయ కర్మ ఫలము. ఎవరి కర్మ వారిది. చేతనైనంత సాయము చేయవచ్చును గాని, ఒకరి రోగమునకు మరియొకరు బాధ్యులు కారు అని. పైకి ఈ మాట శాస్త్రసమ్మతముగనే తోచును. అయితే శాస్త్రము ఇంతటితో ఆగలేదు. కర్మ ఉదయమునకు వచ్చుటకు ద్రవ్యము, క్షేత్రము, కాలము, భావము అను నిమిత్తములు కావలెనని కూడ చెప్పినది. గాదెలోని విత్తనము దానంతట అది మొలవదు. తడి నేల తగిలిననాడు మొలచును. విత్తనము ఎవరిదైనను కావచ్చును. ఆ నేలను దున్ని తడిపినవారెవరని అడుగుట కర్మసిద్ధాంతమునకు విరుద్ధము కాదు.

క్షయరోగము ఇందులకు తగిన ఉదాహరణము. రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు 1882లో ఈ రోగమునకు కారణమైన క్రిమిని చూపెను. ఆ క్రిమి సోకిన పదిమందిలో సుమారు ఒక్కరికి మాత్రమే జీవితకాలములో అది రోగముగా పరిణమించునని వైద్యులు చెప్పుదురు. తక్కిన తొమ్మండుగురిలో అది అణగియుండును. ఆ ఒక్కరు ఎవరగుదురనునది క్రిమిని బట్టి తేలునది కాదు. చాలీచాలని తిండి, గాలి లేని ఇరుకు గది, ఊపిరితిత్తులలో చేరిన దుమ్ము, పొగ, మద్యము, మధుమేహము, వీనిని బట్టి చాలవరకు తేలును. ఇంగ్లండు దేశమున క్షయకు మందు కనుగొనక మునుపే, ఇండ్లు, తిండి, కూలి రేట్లు బాగుపడిన కొలదియు, ఈ రోగపు మరణములు చాలవరకు తగ్గెను. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. నేటికిని ప్రపంచమందలి క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు భారతదేశమున నున్నారు.

దీనికై దూరము పోనక్కరలేదు. హొసకోటె బెంగుళూరునకు తూర్పుగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరమున, పాత మద్రాసు రోడ్డుమీద నున్న ఊరు. పెద్ద చెరువుగల ఊరు; కన్నడముతోపాటు తెలుగు కూడ బజారులో ధారాళముగ వినబడు సీమ. ఇచ్చట దారి చీలును. ఒక దారి కోలారు మీదుగ బంగారు గనులకు పోవును. మరియొకటి చింతామణి మీదుగ మదనపల్లెకు పోవును. పడమటి దారి బెంగుళూరు చేరును. ఊపిరితిత్తుల రోగముల చరిత్రలో మరువరాని మూడు ఘట్టములు ఈ మూడు దారులలో జరిగినవి.

మొదటిది బంగారు గనులది. కోలారు గనులలో ఆంగ్లేయ కంపెనీ 1880లో పని ఆరంభించినది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతములనుండి తెలుగువారు, తమిళులు వేలకొలది పోయి అందులో దిగిరి. గని లోతు కొన్నిచోట్ల మూడు కిలోమీటర్లు దాటెను. రాతిని తొలుచునపుడు లేచెడి సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి గట్టిపడును. దానిని సిలికోసిస్ అందురు. అది ఉన్నవానికి క్షయ సులభముగ పట్టును. మైసూరు ప్రభుత్వము 1940లో ఈ రోగమును గూర్చి నియమములు చేసినది. ఆ తరువాతి ఆరేండ్లలో 7,653 మంది పనివారిని పరీక్షింపగా నూటికి నలుబదిమందికి మించి సిలికోసిస్ కలదని తేలెను. ఇంతమంది కర్మ ఒకే గనిలో, ఒకే కాలమున పండినదనుటకంటె, ఆ దుమ్మే నిమిత్తమైనదనుట న్యాయము. గనులు 2001లో మూతపడెను. అంతవరకు ఎన్ని కుటుంబముల పెండ్లిండ్లకు ఆ బంగారము నగలైనదో చెప్పలేము. గీటురాయిమీద బంగారపు వన్నె చూచుటలో ఆరితేరినవారు కూడ ఆ దుమ్మును లెక్కలోనికి తెచ్చుకొనలేదు. ఇందులో దురుద్దేశ మేమియు లేదు; అడుగు అలవాటు లేదు, అంతే.

రెండవ దారి మదనపల్లెది. ఆ ఊరి దగ్గర ఆరోగ్యవరము అనుచోట 1915 నాటికి మిషనరీలు క్షయరోగులకై శానిటోరియము నిలిపిరి. ఎండ, గాలి, విశ్రాంతి, మంచి ఆహారము, ఇవే నాటి చికిత్స. దక్షిణదేశమున దాని పేరు వినని చదువుకొన్న కుటుంబము లేదు. అక్కడ ఎందరో బ్రదికి బయటపడిరి. పిమ్మట క్షయనుగూర్చిన పరిశోధనలకు కూడ అది ప్రసిద్ధ స్థానమైనది. అయినను నెలలకొలది మంచముమీద పరుండుటకు ఎవరికి వీలు? ఇంటి ఖర్చు సాగుటకు వేరే ఆధారమున్నవారికి. రోజుకూలి మనిషి పది దినములు పరుండినచో పొయ్యి వెలుగదు. ఈ చిక్కును మద్రాసులో 1956లో మొదలుపెట్టిన ఒక పరిశోధన విప్పినది. రోగులలో కొందరిని శానిటోరియములో నుంచి, కొందరికి వారి ఇరుకు ఇండ్లలోనే మందులిచ్చి, ఒక సంవత్సరము చూచిరి. ఇంటివద్ద పేదతిండితో నున్నవారును దాదాపు అంతే బాగుగ కోలుకొనిరి. వారి ఇంటివారికి రోగము అంటుటయు హెచ్చు కాలేదు. 1959లో ఈ ఫలితములు వెలువడిన మీదట ప్రపంచమంతట క్షయచికిత్స తీరు మారినది. రోగిని ఊరికి దూరముగ నుంచవలెనను భయమునకు ఆధారము పోయినది. భయము మాత్రము పోలేదు.

మూడవది బెంగుళూరు దారి, ఆలోచింపదగినది మిక్కిలి ఇదియే. అచ్చటి జాతీయ క్షయరోగ సంస్థను 1960లో ప్రధానమంత్రి నెహ్రూ ప్రారంభించెను. ఆ సంస్థవారు తుమకూరు జిల్లా గ్రామములలో ఎక్స్‌రేలు తీసి రోగులను కనిపెట్టిరి. పిదప దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనువారు ఆ రోగుల ఇండ్లకు పోయి, మీకు జబ్బున్నట్లు తెలియునా, తెలిసినచో ఏమి చేసితిరని అడిగిరి. పల్లెటూరివారు అజ్ఞానులు, దగ్గును లెక్కచేయరు, మంత్రగానివద్దకు పోవుదురు అని పట్టణములవారి నమ్మిక. తేలినది వేరు. రోగులలో చాలమందికి తమకు జబ్బున్నట్లు తెలియును; ఆందోళన కలదు; సుమారు సగముమంది అప్పటికే ఆసుపత్రికి పోయియున్నారు. అక్కడ వారికి దొరికినది దగ్గుమందు సీసా. తెమడ పరీక్ష లేదు, సరియైన మందు లేదు. సీసా పుచ్చుకొని ఇంటికి వచ్చి వారు దగ్గుచునే యుండిరి. ఈ విషయము 1963లో అచ్చయినది. తప్పు రోగిది అని చెప్పుట ఎంత సులభమో, ఆ మాట ఎంత అబద్ధము కావచ్చునో దీనివలన బయటపడెను.

ఆ దగ్గుమందు సీసాను చూచి నవ్వుటకు ధర్మాత్ములకు హక్కు లేదు. చాల ఔషధదానములు ఆ సీసా వంటివే.

హొసకోటెలో ఒక ధాన్యపు కొట్టు ఉన్నదనుకొనుడు. అందులో బస్తాలు దింపు హమాలీ ఒకడు నెలరోజులుగ దగ్గుచున్నాడు. సాయంకాలము కొంచెము జ్వరము, మనిషి చిక్కిపోవుచున్నాడు. యజమాని దయగలవాడు. పిలిచి అయిదువందల రూపాయలు చేతిలో పెట్టి, "డాక్టరుకు చూపించుకో నాయనా, బాగైన తరువాత రా" అని పంపును. సాయంకాలము చిట్టాలో ఆ మొత్తము ధర్మఖాతాకు ఖర్చు వ్రాయబడును. మరునాడు ఆ స్థానమున మరియొక హమాలీ వచ్చును. క్షయకు మందు సర్కారు ఆసుపత్రిలో ఉచితము. దానిని ఆరునెలలు మానక మ్రింగవలెను. మందు సరిగా పడినచో కొన్ని వారములలోనే రోగము ఇతరులకు అంటుట తగ్గిపోవును. ఆరునెలలు కూలి లేనివాడు రెండవ నెలలో మందు మాని, వేరొక ఊరిలో, తన దగ్గు ఎరుగని మరియొక కొట్టులో బస్తా భుజానికెత్తును. ఇందులో యజమాని చేసిన పాపమేమి? ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు గదా!

ఇచ్చట శ్రావకుల వ్రతములను ఒకసారి తిరిగి చూచుట మంచిది. అహింసాణువ్రతమునకు అతిచారములు అయిదు చెప్పిరి. కట్టివేయుట, కొట్టుట, అవయవములు ఛేదించుట, ఇవి మూడు. ఈ మూడును తన ఇంట లేవని ఏ వ్యాపారస్థుడైనను నిబ్బరముగ చెప్పగలడు. నాల్గవది అతిభారారోపణము, అనగా మోయలేని బరువు మోపుట. అయిదవది అన్నపాననిరోధము, అనగా ఆశ్రితులకు తిండినీళ్లు నిలుపుచేయుట. ఇవి ఎద్దులకు, గుఱ్ఱములకు మాత్రమే సంబంధించినవని సాధారణముగ అనుకొందురు. బండ్లు పోయి లారీలు వచ్చినవి గనుక ఈ రెంటితో ఇక పనిలేదని కూడ కొందరి తలంపు. హొసకోటె చుట్టుపట్ల నేడు ఎంత పెద్ద గిడ్డంగులు లేచినవో చూచినవారు, బరువు మోయువారు లేరని చెప్పజాలరు. రోగము పట్టిన పనివాని కూలి ఆగుటకును, వాని ఇంట అన్నము ఆగుటకును నడుమ ఎన్ని దినములు పట్టును? ఆ కొద్ది దినముల ఎడము ఉన్నంత మాత్రమున అది అయిదవ అతిచారము కాకపోవునా? ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను వ్రతము పుచ్చుకొన్నవారు దీనికి జవాబు చెప్పవలసియున్నది.

తిండికిని క్షయకును గల సంబంధము ఊహ కాదని ఇటీవల లెక్కలతో తేలినది. జార్ఖండ్ రాష్ట్రమున 2019 మొదలు 2022 వరకు 2,800 మంది రోగుల కుటుంబములతో ఒక పరిశోధన జరిగినది. రోగులందరికి ఆహారపు సంచి ఇచ్చిరి. సగము కుటుంబములలో ఇంటివారికి కూడ తలకు నెలకు అయిదు కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చిరి. అట్లు ఇచ్చిన ఇండ్లలో క్రొత్తగ క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గెను. 2023లో ఇది ప్రకటింపబడినది. బియ్యము, పప్పు! ఏ ధాన్యపు వర్తకునికి ఈ సరకు క్రొత్త? ఆహారదానము, ఔషధదానము అని వేరువేరు పద్దులు వ్రాయుట లెక్కల సౌకర్యమునకే గాని, రోగి శరీరమునకు ఆ తేడా తెలియదని దీనివలన స్పష్టమగుచున్నది.

పనివాని మాట అట్లుండగా, యజమాని ఇంటిలో రోగము వచ్చినచో ఏమి జరుగుచున్నది? మందుకు, తిండికి లోటుండదు. అక్కడ లోటు వేరు. ఆడపిల్లకు క్షయ అని తెలిసినచో సంబంధములు తప్పిపోవునను భయమున ఊరి డాక్టరువద్దకు తీసికొనిపోరు. దూరపు ఊరిలో, మారుపేరుతో చూపించుదురు. మందు బిళ్లలు గల్లాపెట్టెలో, పప్పుడబ్బాలో దాచుదురు. అత్తవారింటికి పోయిన పిల్ల, అక్కడివారికి తెలియునేమోనని మందు మానును. డబ్బున్న ఇంటను, డబ్బులేని ఇంటను రెండవ నెలలోనే మందు ఆగుచున్నదన్నమాట. ఒకచోట ఆకలివలన, ఒకచోట సిగ్గువలన. ముఖవస్త్రిక ధరించు సాధువులను తరతరములుగ సేవించువారికి, దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుట అవమానము కాదని వేరే చెప్పవలెనా? అభయదానమని శాస్త్రము చెప్పినదానిని ప్రాణిని కోతనుండి విడిపించుటగా మాత్రమే గాక, రోగము పేరు చెప్పుటకు భయపడనక్కరలేని ఇంటిని బిడ్డకు ఇచ్చుటగా కూడ తీసికొనవచ్చును.

వైద్యము సమాజమును బట్టి మారుననుట జైనులకు వింత కాదు. వెయ్యేండ్లకు పూర్వము ఉగ్రాదిత్యాచార్యుడు కల్యాణకారకమను వైద్యగ్రంథము వ్రాసెను. రామగిరిలో వ్రాసితినని ఆయన చెప్పిన ఆ స్థలము విజయనగరము దగ్గరి రామతీర్థమేనని పలువురు పండితుల అభిప్రాయము. మాంసము, మద్యము, తేనె లేకుండ చికిత్స సాగవచ్చునని ఆయన వాదము. ఔషధములో ఏమి కలిసియున్నది, దానికై ఏ ప్రాణి నొచ్చినది అని ఆనాటి శ్రావకులు అడిగిరి గనుకనే అట్టి గ్రంథము అవసరమైనది. అదే ప్రశ్నను ఔషధము దాటి, రోగము పుట్టుకవరకు తీసికొనిపోయినచో దుకాణము, గిడ్డంగి, కూలి చిట్టా కూడ అందులోనికి వచ్చును.

ఇక మిగిలినది ఒక లెక్కల ప్రశ్న. హమాలీకి దగ్గు కనబడిన వారములోనే తెమడ పరీక్ష చేయించి, అంటు తగ్గువరకు ఇంటనుంచి, తరువాత తేలికపని ఇచ్చి, ఆరునెలలు కూలి ఆపక, ఇంటికి నెలకు ఇంత బియ్యము, ఇంత పప్పు పంపుటకు ఒక యజమాని ఒప్పుకొన్నాడనుకొనుడు. సంవత్సరాంతమున గుమాస్తా ఆవర్జా ముందుపెట్టుకొని, ఈ మొత్తమును ఏ ఖాతాలో వ్రాయవలెనని అడుగును. ధర్మఖాతాలో వ్రాసినచో పుణ్యము జమ అయినదని తృప్తి. చందాల జాబితాలో పేరు కూడ పడవచ్చును. జీతముల ఖాతాలో వ్రాసినచో అది దానము కాదు, వ్యాపారపు ఖర్చు. బస్తాల గోతాలకు, లారీ కిరాయికి ప్రక్కన, వాని కూలి ఇన్నేండ్లు ఎచ్చట వ్రాయబడినదో అచ్చటనే అదియు నిలుచును.