ఆట ఎవరి సొత్తు?

నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, ఓ సంక్రాంతికి మా చండ్రుగొండలో రెండు క్రికెట్ టోర్నమెంట్లు పెట్టారు. రెండువైపుల వాళ్ళకీ పడదు. ‘అక్కడ ఆడినోడు ఇక్కడ ఆడకూడదు’ అన్నారు. పదో తరగతి పిల్లాడొకడు రెండుచోట్లా పేరిచ్చాడు. వాణ్ణి తీసేయాలని చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. అదే క్రమశిక్షణ అనుకున్నాను.

2007లో జీ టీవీ యజమానులు ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టినప్పుడు బీసీసీఐ అన్నదీ ఇదే మాట. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత కెప్టెన్ అయిన అంబటి రాయుడు, ఇరవై రెండేళ్ళ వయసులో ఆ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌కి ఆడాడు. బోర్డు తలుపులు మూసేసింది. 2009లో క్షమాభిక్ష పెట్టింది. భారత జట్టుకి అతని మొదటి వన్డే 2013లో గానీ రాలేదు.

క్షమాభిక్ష అన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. ఆ శిక్ష మ్యాచ్ అమ్ముకున్నందుకు కాదు, వయసు దాచినందుకూ కాదు. ఇంకోచోట ఆడినందుకు.

ఒకే సంఘం ఉండాలనడంలో న్యాయం లేకపోలేదు. వయసు ధ్రువపత్రాలు ఎవరో ఒకరు చూడాలి, సెలెక్షన్‌కి ఓ పద్ధతుండాలి. కానీ ఆటకి నియమాలు పెట్టడం వేరు, ఆడేవాడికి యజమాని కావడం వేరు. మొదటిది ఆటను కాపాడుతుంది, రెండోది కుర్చీని. సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడుకోగలవు. పదిహేనేళ్ళ వయసు అన్నాళ్ళు ఆగదు.

మరుసటి ఏడు మావాళ్ళు రాజీపడి ఒకే టోర్నమెంట్ పెట్టారు. ‘నిషేధం ఎత్తేశాం, రా’ అని ఆ పిల్లాడికి కబురుపెట్టాం. వాడు అప్పటికే పని వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్ళిపోయాడు. తప్పు వాడిదైనట్టు, మేం క్షమించినట్టు పంపిన ఆ కబురు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.