మిత్రస్మరణము - సత్యధర్మము

మాఘ శుద్ధాష్టమినాడు భీష్మునకు తర్పణము విడుచుట మన సంప్రదాయము. ఆ మహనీయునకు సంతానము లేదు. అందువలన ఆయనకు జలమిచ్చు బాధ్యత ఏ ఒక్క ఇంటికో చెందక లోకమందరిదియు అయినది. తండ్రి జీవించియున్నవారు సైతము ఆనాడు భీష్మతర్పణము చేయవచ్చునని పెద్దలు చెప్పుదురు. యుద్ధమున ఒరిగిన వృద్ధవీరుని, రక్తసంబంధము లేనివారు ఏటేట తలచుకొనుటయే ఈ ఆచారములోని విశేషము.

హైదరాబాదున శంకరమఠము గల నల్లకుంట మొదలుకొని, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు ఆవల ఉన్న తార్నాక వరకు ఉద్యోగవిరమణ చేసినవారి కుటుంబములు అనేకము. నగరమునకు ఉత్తరమున హకీంపేటలో వాయుసేనవారి హెలికాప్టర్ శిక్షణ పాఠశాల కలదు. ఇట్టిచోట, హెలికాప్టరులో ఫ్లయిట్ ఇంజనీరుగా పనిచేసి విరమించిన ఒక వృద్ధుడు కాలధర్మము చెందెననుకొనుడు. కుమారుడు అపరకర్మలు యథావిధిగా జరిపినాడు. శుభస్వీకారమునాడు పాత సహచరులు నలుగురు వచ్చి కూర్చున్నారు. మనుమడు వారిని సమీపించి, "మా తాతగారు ఎట్టివారండీ?" అని అడిగినాడు. ఆ నలుగురు ఏమి చెప్పవలెను? చిన్న ప్రశ్నవలె తోచినను ఇందొక ధర్మసూక్ష్మము ఇమిడియున్నది.

"చచ్చినవాని కండ్లు చారెడు" అని సామెత. పోయినవారి గుణములను పెంచి చెప్పుట లోకసహజము. దుఃఖములో ఉన్న ఇంటివారికి అది ఊరట. కాని ఆ నలుగురికి తెలిసిన మనిషి వేరు. అతడు భయపడినాడు, కోపగించినాడు, ఒకమారు పొరపాటును చేసినాడు. బయలుదేరుటకు ముందు చేయవలసిన తనిఖీలో నూనె కారుటను గమనింపలేదు. తోటివాడు చూచి చెప్పుటచేత ప్రమాదము తప్పినది. నాటినుండి ఏ పనినైనను రెండుమార్లు సరిచూచుకొనుట అతనికి వ్రతమైనది. రాత్రి పడుకొనబోవు ముందు వంటింటి గ్యాసును రెండుమార్లు చూచి వచ్చెడివాడు. ఇంటివారు దానిని వృద్ధాప్యపు చాదస్తమనుకొని నవ్వుకొనిరి. అలవాటు ఇంటికి తెలియును. దాని వెనుకనున్న కారణము మిత్రునికి మాత్రమే తెలియును. మిత్రుడు మౌనము వహించినచో ఆ చాదస్తము చాదస్తముగానే మిగిలిపోవును.

హెలికాప్టర్ నడుచుట ఒక్కని చేతిలోని పని కాదు. ఎమ్.ఐ.-17 వంటి పెద్ద యంత్రములో ఇద్దరు పైలట్లకు తోడు ఫ్లయిట్ ఇంజనీరు కూడ ఉండును. ఒకరి ప్రాణము మరియొకరి జాగరూకతపై ఆధారపడియుండును. 1971 డిసెంబరు 9న వాయుసేన ఎమ్.ఐ.-4 హెలికాప్టర్లు సైనికులను మేఘనా నదిని దాటించినవి. చరిత్ర గ్రంథములలో సేనానుల పేర్లు నిలుచును. యంత్రపు చప్పుడులో చిన్న మార్పును పసిగట్టిన వాని పేరు సహచరుల నోట మాత్రమే నిలుచును. 2013 జూన్ 25న, కేదారనాథ్ వరదల సహాయకార్యములో ఉన్న వాయుసేన హెలికాప్టర్ గౌరీకుండ్ సమీపమున కూలి 20 మంది మరణించిరి. అందు అయిదుగురు ఆ హెలికాప్టర్ సిబ్బంది. యాత్రికులను ఆదుకొనబోయి ప్రాణములర్పించిన వారికి యాత్రికలోకమంతయు ఋణపడియున్నది.

2023 మార్చి 16న అరుణాచల్ ప్రదేశ్‌లో చీతా హెలికాప్టర్ కూలి, యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారమునకు చెందిన లెఫ్టినెంట్ కల్నల్ వినయ్ భాను రెడ్డి, ఆయన సహపైలట్ మేజర్ జయంత్ అసువులు బాసిరి. ఆ హెలికాప్టరులో ఉన్నవారు ఆ ఇరువురే. ఒకరినిగూర్చి చెప్పుటకు రెండవవారు మిగులలేదు. అట్టి ఎడబాటును తలచినప్పుడు, వృద్ధాప్యము వరకు మిగిలి మాటాడగల సహచరుని సాక్ష్యము ఎంత అమూల్యమో తెలియును.

అయినను, పోయినవాని పొరపాటును చెప్పుట పాపము కాదా అని సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము భీష్ముని కథయందే కలదు. నిండుసభలో ద్రౌపదికి అవమానము జరుగుచుండగా ఆయన నిలువరింపలేకపోయెను. వ్యాసమహర్షి దీనిని దాచలేదు. ఆ సంగతి ఎరిగియు లోకము ఆయనకు జలమిచ్చుచునే యున్నది. లోపము తెలిసిన పిదప కూడ నిలుచునదే నిజమైన భక్తి. మరియొక కథ కర్ణునిది. అతడు తన జ్యేష్ఠ కుమారుడని కుంతి యుద్ధానంతరము, జలప్రదాన సమయమున వెల్లడించినది. ధర్మరాజు శోకమునకు మేర లేకపోయెను. సకాలమున పలుకని సత్యము, పలికిన నాడు శోకమునే మిగిల్చును.

అట్లని తెలిసినదెల్ల చెప్పుట ధర్మము కాదు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున వాక్కునకు సంబంధించిన తపస్సు చెప్పబడినది. ఆ వాక్కు ఇతరులకు ఉద్వేగము కలిగింపనిది, సత్యము, ప్రియము, హితము కావలెను. నూనె కారిన కథ మనుమనికి హితము. తాతగారు తప్పిదము నుండి ఎట్లు ఎదిగిరో అతడు నేర్చుకొనును. అదే కథను తన గొప్ప చాటుకొనుటకు చెప్పినచో అది తపస్సు కాజాలదు. చెప్పువాడు తన హృదయమును తానే పరీక్షించుకొనవలెను.

తర్పణవిధిలో తల్లిదండ్రులు, బంధువులు, గురువుతో పాటు సఖునికి కూడ స్థానము కలదు. మిత్రుడు పరాయివాడు కాడని శాస్త్రము ఏనాడో అంగీకరించినది. కుమారుడిచ్చు నీటికి తోడు, సహచరుడు పలుకు సత్యము కూడ పోయినవానికి తృప్తి కలిగించును. ఆ నలుగురిలో ఒకరు గొంతు సవరించుకొని, "బాబూ, మీ తాతగారు గ్యాసును రెండుమార్లు ఎందుకు చూచెడివారో నీకు తెలియునా?" అని మొదలుపెట్టినచో, ఆ ఇంట నాటి కర్మ సంపూర్ణమైనట్లే.