చెవికోతయు అణువ్రతమును

మరమగ్గములకు, గిడ్డంగులకు పేరొందిన భివండిలో సరకు కాపలాకు డాబర్‌మన్ కుక్కను కొనదలచిన వర్తకునకు ఒక ధర్మసందేహము కలుగవలెను. ఆ జాతి చెవులు పుట్టుకతో వ్రేలాడును. రెండు మూడు నెలల పిల్లకు కోసి, కుట్లు వేసి, వారముల తరబడి పట్టీలు చుట్టి వానిని నిక్కబెట్టుదురు. ఇది కాపలాకు గాదు, చూపరుల కంటికి మాత్రమే.

కోసినవాడు వేరొకడు, మందు వేసినవారము మేము అనుట సమాధానము కాజాలదు. తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో కట్టుట, కొట్టుటలతోపాటు ఛేదనమును గలదు. చేయుట, చేయించుట, అనుమోదించుట మూడును బంధహేతువులే. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును అంగచ్ఛేదమును నేరముగా నెంచినది.

చెవులు కోసిన కుక్క ఇదివరకే ఇంట నున్నచో దానికి శుశ్రూష చేయుట విధి. అది ఋణము తీర్చుటయే గాని పుణ్యార్జన గాదు. కోసిన పిల్లకు ధర కట్టువాడే కత్తికి కూలి యిచ్చుచున్నాడు. బేరమునాడే వ్రేలాడు చెవుల పిల్లను కోరుట వ్రతరక్షణము.