విషం లేని పాముకు శిక్ష ఎందుకు?

పాము కనబడితే మన నోట్లో నుంచి ముందు వచ్చే మాట ‘కొట్టు, కొట్టు!’ అది ఏ పాము అనే ప్రశ్న తర్వాత వస్తుంది. చాలాసార్లు అది చచ్చినంక వస్తుంది. ఎవరో ఒకరు కర్రతో తిప్పి చూసి, ‘అరె, ఇది జెర్రిపోతు’ అంటారు. ఏ తప్పూ చేయని ప్రాణిని, అపాయం చేసే ఇంకోదానిలాగ ఉన్నదని చంపడం న్యాయమేనా? ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఇదొక్కటే.

మా బీదరు జిల్లాలో ఈ పాముకు పేర్లు తక్కువ లేవు. మనం తెలుగులో జెర్రిపోతు అంటాం. కన్నడంలో కేరె హావు అంటారు, హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ధామన్ అంటారు. ఇన్ని భాషల్లో పేరున్నా, అది ఎదురైతే అందరూ తీసేది ఒక్కటే కర్ర.

జెర్రిపోతుకు విషం లేదు. ఐదారు అడుగుల పొడవు పెరుగుతుంది, కొన్ని ఇంకా పెద్దవి ఉంటాయి. కండ్లు పెద్దవి, పడగ లేదు. ఎలుకలు, కప్పలు దాని తిండి. మనిషి అడుగుల చప్పుడు తగిలితే బాణంలాగ పారిపోతుంది. అది పగలు తిరిగే పాము. దాని దురదృష్టమంతా ఇక్కడే ఉంది. మనుషులు నిద్రలో ఉన్నప్పుడు కరిచే కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని మీది కోపం పగలు కనబడిన జెర్రిపోతు మీద పడుతుంది.

దాని మీద కథలు కూడా ఎక్కువే. ఆవు కాళ్ళకు చుట్టుకొని పాలు తాగుతుందంటారు. పాము నోటితో పాలు పీల్చడం జరగని పని. రెండు పాములు పెనవేసుకొని పైకి లేస్తే నాగుపాము, జెర్రిపోతు జతకట్టినయ్ అంటారు. నిజానికి అవి రెండూ మగ జెర్రిపోతులే, బలం చూసుకుంటున్నాయి.

ఇదంతా చెబితే మా తాత ఒప్పుకోలేదు. “బిడ్డా, పామును నీ పేరేందని అడుగుతూ కూసుంటే అది ఊకుంటదా?” అన్నాడు. ఆ మాటను నేను తేలికగా తీసుకోను. మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58 వేల మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది పల్లెటూరి వాళ్ళే. నేల మీద పడుకునే ఇంట్లో, చీకట్లో, ఏ పామో తెలియక కర్ర ఎత్తినవాణ్ణి నేను తప్పు పట్టలేను.

కానీ పట్టపగలు, పొలం గట్టు మీద, మనల్ని చూసి పారిపోతున్న దాన్ని వెంటబడి కొట్టడం వేరు. అక్కడ మన ప్రాణానికి అపాయం లేదు.

మా తరగతిలో ఒక మిత్రుడు, ‘అది ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది, అందుకే చంపగూడదు’ అన్నాడు. మాట నిజమే. ఎలుకలు కంది, పెసర, సోయా చేలను ఎంత పాడు చేస్తాయో మన రైతులకు తెలుసు. అయితే ఎలుకల మందు దుకాణంలో దొరుకుతుంది గదా, ఇక జెర్రిపోతు అక్కర తీరినట్టేనా? పనికొచ్చినన్నాళ్ళే బతకనిస్తాం అంటే, ఇప్పుడు పొలం పనికి పోలేని మా తాతకు ఏమని చెప్పాలి?

ఇంకొందరు చట్టం మాట చెబుతారు. ఒకప్పుడు సంచులకు, చెప్పులకు దీని తోలు పెద్ద ఎత్తున విదేశాలకు పోయేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2022లో చేసిన సవరణతో జెర్రిపోతు ఆ చట్టం మొదటి షెడ్యూలులోకి వచ్చింది. దాన్ని చంపడం నేరం. మరోపక్క ప్రపంచ స్థాయిలో అంతరించే ప్రమాదమున్న జీవుల పట్టికలో దీన్ని ‘ఆందోళన తక్కువ’ అనే వరుసలో పెట్టారు. అంటే ఈ జాతి ఇంకా బాగానే ఉంది. ‘మస్తుగ ఉన్నయి గదా, ఒకటి చస్తే ఏమైతది?’ అని ఎవరైనా అడగవచ్చు. కానీ ఆ లెక్క జాతి మొత్తానికి వేసింది. కర్ర దెబ్బ పడేది ఒక్క పాము మీద. దానికి ఉన్నది ఒక్కటే ప్రాణం.

అందుకే దాని ఉపయోగం మీద గానీ, దాని సంఖ్య మీద గానీ ఈ న్యాయం ఆధారపడి ఉండదని నాకు అనిపిస్తుంది. అది మనకు ఏమీ చేయలేదు, కారణం అంతే. ఒకరు చేసిన తప్పుకు వాళ్ళలాగ కనిపించేవాళ్ళందరినీ అనుమానిస్తే అన్యాయం అని మనుషుల విషయంలో మనం ఒప్పుకుంటాం. మరి పాము దగ్గరికి వచ్చేసరికి ఆ నియమం ఎందుకు మారాలి?

భయం మనకు జాగ్రత్తపడే హక్కు ఇస్తుంది. రాత్రి బయటికి పోతే టార్చి, కాళ్ళకు చెప్పులు, పడుకునేటప్పుడు మంచం, దోమతెర, కరిస్తే మంత్రం కాదు, వెంటనే ఆసుపత్రి. ఇంట్లోకి పాము వస్తే అటవీశాఖకు ఫోన్ చేయవచ్చు. అదే భయం మన మీద ఒక బాధ్యత కూడా పెడుతుంది. పాము మనల్ని చదువుకోలేదు, మనం దాన్ని చదువుకోగలం. మన దగ్గర ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగింటినీ గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు. ఆ ఒక్క పూట ఖర్చు చేయకుండా ఎత్తే కర్రను ‘భయం’ అని పిలవడం కష్టం.