బొమ్మలో లేని మనుష్యులు



భద్రాచలం అడవి అంచున నున్న మన పల్లెలలో అనేకులు సముద్రమును చూడలేదు. మనకు తెలిసిన పెద్ద నీరు గోదావరియే. అయినను ఇటీవల ఆదివారపు బడికి ఒక పిల్లవాడు సముద్ర యుద్ధపు బొమ్మ గీసి తెచ్చెను. వాడు విశాఖపట్నము తీరమున 1971 యుద్ధ స్మారకమును చూచి వచ్చినవాడు. బొమ్మలో పైన మన డిస్ట్రాయరు నౌక రాజ్‌పుత్, క్రింద పగిలిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ, చుట్టును ఎర్రని మంటలు. పిల్లలు చప్పట్లు కొట్టిరి, మేమును మెచ్చుకొంటిమి. వెనుక కూర్చున్న ఒక అవ్వ మాత్రము, "దాంట్ల మనుషులు లేరా, బిడ్డా?" అని అడిగెను.

ఉండిరి. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి ఘాజీ విశాఖ చెంత మునిగినప్పుడు అందులోని 93 మందియు మరణించిరి. రాజ్‌పుత్ విడిచిన బాంబులే కారణమని మన నౌకాదళము, ప్రమాదవశమున అదే పేలెనని పాకిస్తాను చెప్పుచు వచ్చినవి. ఎట్లు మునిగినను, తల్లులకు బిడ్డలు తిరిగి రాలేదు.

వారము తిరుగక మునుపే, డిసెంబరు 9న, డయ్యూ చెంత మన ఖుక్రీ నౌకను పాకిస్తాను జలాంతర్గామి హాంగోరు ముంచెను. మనవారు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయిరి. కెప్టెను మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడువక దానితోనే మునిగెను. ఆ దేశపు పిల్లవాడొకడు ఆ బొమ్మ గీయగా అక్కడివారు చప్పట్లు కొట్టిన యెడల మనకెట్లుండును?

అట్లయిన దేశమును కాచినవారిని గౌరవింపరాదా? తప్పక గౌరవింపవలెను. ఇంట దొంగ పడినప్పుడు కర్ర పట్టుట తప్పు కాదు. అయితే ఆ దొంగ పరుగెత్తుచు బావిలో పడినయెడల, గట్టున నిలిచి నవ్వుదుమా, చేదత్రాడు వేయుదుమా? కాచుట వేరు, పడినవానిని చూచి సంతోషించుట వేరు. శత్రువు పడినప్పుడు ఉల్లసింపవద్దని సామెతల గ్రంథము 24వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది. నీనెవె నాశనము కొరకు ఎదురుచూచిన యోనాకు దేవుడు ఆ పట్టణములోని జనులను జ్ఞాపకము చేసెను. అవ్వ ప్రశ్నయు అదియే గదా!

సముద్రము మనకు దూరము. గట్టు తగాదా దగ్గర. మనతో వ్యాజ్యమాడిన వాని పంట ఎండినప్పుడు, వాని ఎద్దు చచ్చినప్పుడు, మన హృదయము లోలోపల చప్పట్లు కొట్టుచున్నదా? ఆ యింటిలోను మనుష్యులున్నారు. ఈ మాసము వారి గడప త్రొక్కి, వారి క్షేమము నడుగుదము.